కురుసుర ఒడ్డున, ఘాజీ నీళ్లలో: రెండు సబ్‌మెరైన్ల ఉక్కు గురించి ఒక కేస్ స్టడీ

విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లి కురుసుర ముందు ఫోటో దిగని కుటుంబం ఉత్తరాంధ్రలో దొరకడం కష్టం. ఆ ఫోటోల్లో వెనక కనిపించే నల్లటి హల్‌ని, అంటే సబ్‌మెరైన్ ఉక్కు ఒంటిని, నా వృత్తి వైపు నుంచి చూసి రాస్తున్నాను. ఓడల హల్ మందం కొలవడం నా పని, అల్ట్రాసోనిక్ గేజింగ్ అంటారు, దాంతోపాటు పెయింట్ ఇన్‌స్పెక్షన్ కూడా చేస్తాను. అంతకుముందు కొన్నేళ్లు సర్వే బోట్లలో, శబ్ద తరంగాలతో సముద్రం అడుగుని చూపించే సైడ్ స్కాన్ సోనార్ తెర ముందు కూర్చున్నాను. అందుకే ఒడ్డు మీద నిలబెట్టిన ఈ సబ్‌మెరైన్, అదే తీరానికి ఎదురుగా 1971 యుద్ధంలో మునిగి నీళ్లలో పడి ఉన్న పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ, రెండూ నా దృష్టిలో ఒకే ఫైలు. కొలతల్లేకుండా ఏదో కాపాడుతున్నాం అనుకోవడమే ఈ రెండింటికీ ఉన్న పెద్ద ప్రమాదం అని నా నమ్మకం, అది ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు కురుసుర సంగతి. సోవియట్ యూనియన్‌లో కట్టిన ఫాక్స్‌ట్రాట్ రకం డీజిల్ ఎలక్ట్రిక్ సబ్‌మెరైన్ ఇది. 1969 డిసెంబర్ 18న మన నౌకాదళంలో చేరింది, కల్వరి, ఖండేరి, కరంజ్ తర్వాత నాలుగోది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. మధ్యలో కొన్నేళ్లు దీని విడిభాగాలే తీసి మిగతా సబ్‌మెరైన్లకు వాడారు, తర్వాత మళ్లీ రిఫిట్ చేయించి నీళ్లలోకి దింపారు. 2001 ఫిబ్రవరి 27న రిటైరయ్యేనాటికి 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. 91 మీటర్ల పొడవున్న ఆ మనిషిని, అవును, అందులో పనిచేసినవాళ్లు అలాగే మాట్లాడతారు, ఒడ్డుకు లాగి ఇసుక మీద నిలబెట్టడానికి నెలల తరబడి పట్టింది, సుమారు ఐదున్నర కోట్ల రూపాయలు ఖర్చయింది. 2002 ఆగస్టు 9న ప్రారంభోత్సవం చేసి, అదే నెల 24 నుంచి జనాన్ని లోపలికి పంపించారు.

అంటే కురుసుర నీళ్లలో పనిచేసింది 31 ఏళ్లు, గాలిలో నిలబడింది ఇప్పటికే 20 ఏళ్ల పైమాట. సబ్‌మెరైన్‌కి నీళ్ల కంటే ఈ గాలే ఎక్కువ కష్టం అంటే చాలామంది నమ్మరు. లోతు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, ఉష్ణోగ్రత పెద్దగా మారదు, సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఉక్కుకి బదులు తామే కరిగిపోయే జింక్ ఆనోడ్లుంటాయి, డ్రైడాక్ చేసిన ప్రతిసారీ రంగు పడుతుంది. ఒడ్డున అలా కాదు. కెరటం విరిగినప్పుడల్లా సన్నటి ఉప్పు తుంపర గాలిలో కలిసి వచ్చి హల్ మీద కూర్చుంటుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను తనే లాక్కుంటుంది కాబట్టి వాన పడకపోయినా ఉక్కు మీద కంటికి కనిపించని తడి పొర ఉంటూనే ఉంటుంది. మధ్యాహ్నం ఎండకి ఆరుతుంది, రాత్రికి మళ్లీ తడుస్తుంది. ఇలా రోజూ తడిసి ఆరే ఉక్కు, ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉన్న ఉక్కు కంటే చాలా తొందరగా తుప్పు పడుతుంది. ఇది మా పనిలో మొదటి పాఠం.

దీనికి తోడు ఫాక్స్‌ట్రాట్ నిర్మాణం ఒకటి ఉంది. ఇది డబుల్ హల్. లోపల మనుషులుండే గట్టి గొట్టం ప్రెజర్ హల్, నీటి ఒత్తిడి అంతా మోసేది అదే, దాని ఉక్కు మందంగా ఉంటుంది. దాని చుట్టూ పల్చటి రేకుతో ఇంకో తొడుగు ఉంటుంది, మనం బీచ్ రోడ్డు మీద నుంచి చూసే ఆకారం ఆ తొడుగుదే. రెండింటి మధ్యలో బల్లాస్ట్ ట్యాంకులు, పైపులు, ఫ్రేములు. పై తొడుగుకి వరసగా కంతలుంటాయి, సబ్‌మెరైన్ మునిగేటప్పుడు నీళ్లు లోపలికి, తేలేటప్పుడు బయటికి పోవడానికి. నీళ్లలో ఉన్నప్పుడు ఆ కంతలు పనిచేస్తాయి. ఒడ్డున అవే కంతల్లోంచి ఉప్పు గాలి దూరి, మనిషి చెయ్యి కూడా పట్టని సందుల్లో ఆగిపోతుంది. అక్కడ ఎండ తగలదు, వాన కడగదు, బ్రష్ అందదు. బయట ఎంత నిగనిగలాడే రంగు వేసినా తొడుగు లోపలి వైపు నుంచి తుప్పు తినుకుంటూ వస్తుంది.

అందుకే ఇలాంటి హల్ దగ్గరికి వెళ్తే నేను ముందు చూసేది ఆ కంతల అంచులు, వెల్డు గీతల కింది వైపు, హల్ బరువు మోసే దిమ్మల మీద ఉక్కు ఆనే చోటు. మొన్నామధ్య ఒక పాత టగ్‌ని స్లిప్‌వే మీదికి లాగినప్పుడు పిలిస్తే వెళ్లాను. రంగు చూస్తే నిన్న షోరూం నుంచి వచ్చినట్టుంది. చిప్పింగ్ హామర్‌తో తడుతూ పోతుంటే మంచి ఉక్కు దగ్గర టంగుమని గట్టి శబ్దం వస్తోంది. నీటి గీతకి జానెడు పైన ఒక చోట శబ్దం బొంగురు పోయింది. రంగు మీద బొటనవేలంత పొక్కు ఉంది, దాన్ని స్క్రేపర్‌తో లేపితే కింద ముదురు ఎరుపు పొరలు, పొరల కింద నల్లటి తడి పొడి. దాన్ని గీకేసి గేజ్ పెడితే రీడింగ్ ఉండాల్సిన మందంలో సగం కూడా లేదు. పక్కనే రెండు అంగుళాల అవతల ఉక్కు దాదాపు కొత్తదే. తుప్పు సమానంగా తినదు, గుంటలు చేస్తుంది. మేము పిటింగ్ అంటాం. సగటు మందం చూసుకుని ధైర్యంగా ఉంటే, ఆ గుంట ఒక రోజు అటువైపు తేలుతుంది.

రంగు విషయంలో కూడా ఒక్క మాట చెప్పాలి. తుప్పు గీకి రెడాక్సైడ్ కొట్టి పైన నలుపు వేస్తే ఫోటోకి బాగుంటుంది, రెండు వానాకాలాలు కూడా నిలవదు. ఎందుకంటే ఉప్పు తుప్పు గుంటల అడుగున మిగిలిపోతుంది. గరుకు రవ్వల్ని వేగంగా ఊది, గ్రిట్ బ్లాస్టింగ్ అంటారు, ఉక్కు తెల్లబడేదాకా తీసినా, కంటికి శుభ్రంగా కనిపిస్తున్నా, గుంటల్లో ఉప్పు ఉండొచ్చు. అందుకే రంగు వేసేముందు ఉక్కు మీద చిన్న ప్యాచ్ అంటించి, సిరంజితో శుద్ధమైన నీళ్లు ఎక్కించి, మళ్లీ లాగి, ఆ నీళ్లలో ఎంత ఉప్పు దిగిందో మీటర్‌తో చూస్తాం. ఎక్కువుంటే మంచినీళ్లతో ప్రెజర్ వాష్, మళ్లీ బ్లాస్టింగ్, మళ్లీ టెస్టు. కాంట్రాక్టర్లకి ఈ టెస్టంటే చిరాకు, పని ఆగిపోతుంది. కానీ అది దాటేసి వేసిన రంగు ఉప్పుని లోపల పెట్టి సీలు వేసినట్టే. ఇంకో అలవాటు, పలచబడిన రేకు మీద కొత్త రేకు పెట్టి చుట్టూ వెల్డు కొట్టేయడం. డబ్లర్ అంటారు. ఓడని యార్డు దాకా తీసుకుపోవడానికి తాత్కాలికంగా అది ఓకే. మ్యూజియంలో పెట్టే హల్‌కి మాత్రం అది చెయ్యకూడదు, రెండు రేకుల మధ్య తేమ చేరితే ఇక బయటికి రాదు, ఏం జరుగుతోందో గేజ్‌కి కూడా తెలియదు. పాడైన రేకు కోసి తీసి కొత్తది అతకడమే పద్ధతి.

లోపల సమస్య వేరు. కురుసుర లోపలికి వెళ్లినవాళ్లకి తెలుసు, గుండ్రటి తలుపుల్లోంచి ఒంగి దూరుతూ, టార్పెడో గది నుంచి అటు చివరి దాకా నడవాలి. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే గైడ్లుగా దగ్గరుండి చూపిస్తారు, ఆ వివరణ వినడానికైనా ఒకసారి వెళ్లాలి. ఒకాయన్ని పక్కకి పిలిచి, "సార్, సెలవు రోజుల్లో జనం ఎక్కువైతే లోపల ఎలా ఉంటుంది?" అని అడిగాను. "ఇందులో 75 మందిమి ఉండేవాళ్లం బాబూ, మాకు ఉక్కపోత కొత్త కాదు. కానీ అప్పుడు ఈ గోడని రోజూ తుడిచేవాళ్లం" అన్నాడాయన. నాకు కావాల్సిన సమాధానం అదే. మనుషుల ఊపిరిలో తేమ, చెమట, చల్లటి ఉక్కు గోడ మీద నీళ్లుగా మారి, ఇన్సులేషన్ వెనక్కి, డెక్ ప్లేట్ల కిందికి జారుతుంది. సిబ్బంది ఉన్నప్పుడు అలా అడుగున చేరే నీళ్లని, బిల్జ్ అంటారు, ఖాళీ చేయడం రోజువారీ డ్యూటీ. సబ్‌మెరైన్ రిటైరైనా ఆ డ్యూటీ రిటైర్ కాకూడదు.

బయటి దేశాల్లో ఏం చేశారో చూస్తే దారి కొంత కనిపిస్తుంది. బ్రిటన్ నౌకాదళపు తొలి సబ్‌మెరైన్ హాలండ్ 1, తుక్కు కింద అమ్మేశాక 1913లో లాక్కెళ్తుండగా మునిగిపోయింది. 1982లో పైకి తీశారు, శుభ్రం చేసి తుప్పు ఆపే మందు పూసి జనానికి చూపించారు. ఉక్కులో మిగిలిన క్లోరైడ్ లోపలి నుంచి పనిచేస్తూనే ఉంది, పదేళ్లు తిరిగేసరికి అది పాడైపోతోందని అర్థమైంది. చివరికి దాని చుట్టూ పెద్ద తొట్టి కట్టి సోడియం కార్బొనేట్ ద్రావణంలో ఏళ్ల తరబడి నానబెట్టి ఉప్పు లాగాల్సి వచ్చింది, ఇప్పుడు గాస్‌పోర్ట్‌లో తేమ తక్కువగా ఉంచే భవనంలో ఉంది. అదే చోట ఉన్న అలయన్స్ సబ్‌మెరైన్‌ని చాలాకాలం ఉప్పునీళ్ల మీద దిమ్మలకెక్కించి ఉంచారు. ముందూ వెనకా రేకుని తుప్పు తిన్నంత తినేశాక, కింద నీళ్లు లేకుండా చేసి, మనుషులు నిలబడి హల్‌ని అందుకునేలా నేల కట్టి బాగుచేశారు. షికాగోలో జర్మనీ సబ్‌మెరైన్ యూ-505 యాభై ఏళ్లు ఆరుబయట ఉండి, 2004లో భూమి లోపల కట్టిన హాల్లోకి వెళ్లింది. షికాగోలో సముద్రం కూడా లేదు. ఉప్పుగాలి లేని ఊళ్లోనే కప్పు అవసరమనుకున్నారంటే, ఆర్కే బీచ్ గురించి వేరే చెప్పాలా?

అమెరికాలో చార్ల్స్‌టన్ రేవు చుట్టుపక్కలే ఈ కథ రెండు వైపులా కనిపిస్తుంది. 1864 ఫిబ్రవరి 17న మునిగిన హన్లీ, పన్నెండు మీటర్ల చిన్న సబ్‌మెరైన్, ఎనిమిది మంది సిబ్బందితో పోయింది. 1995లో దొరికింది, 2000 ఆగస్టు 8న పైకి తీశారు. మొదటి నుంచీ నీళ్ల తొట్టిలోనే ఉంచి, అడుగడుగూ కొలుస్తూ, 2014 నుంచి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెడుతున్నారు. దానికి కాస్త అవతల పేట్రియట్స్ పాయింట్‌లో క్లామగోర్ అని రెండో ప్రపంచ యుద్ధకాలపు సబ్‌మెరైన్ 1981 నుంచి నీళ్లలో తేలుతూ మ్యూజియంగా ఉండేది. ఏటా వాయిదా పడ్డ మరమ్మతుల బిల్లు ఒక్కసారిగా ముందుకొచ్చేసరికి ఎవరూ కట్టలేకపోయారు, 2022లో కోసి తుక్కుకి వేశారు. మనకి ఇంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. 1971లో బంగాళాఖాతంలో యుద్ధం చేసిన మన విమాన వాహక నౌక విక్రాంత్ ముంబైలో మ్యూజియంగా ఉండి, 2012లో మూతపడి, 2014లో ముక్కలైంది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ విక్రాంత్ కోసమే ఘాజీ వచ్చింది.

ఘాజీ అసలు పేరు డయాబ్లో, 1944లో అమెరికాలో జలప్రవేశం చేసిన టెంచ్ తరగతి సబ్‌మెరైన్, క్లామగోర్‌కి దగ్గరి చుట్టం. 1964లో పాకిస్తాన్ చేతికి వెళ్లింది. 1971 నవంబర్ 14న కరాచీ నుంచి బయల్దేరి మొత్తం ద్వీపకల్పం చుట్టి విశాఖ ముందుకొచ్చింది. అప్పటికే తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్ వైపు పంపేసి, అది ఇక్కడే ఉందని నమ్మించే ఏర్పాట్లు చేశారు, పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌ని విక్రాంత్ వేషంలో తిప్పారు. డిసెంబర్ 3 రాత్రి దాటుతుండగా పెద్ద పేలుడు. పొద్దున్నే జాలర్లకి నీళ్ల మీద నూనె, శకలాలు కనిపించాయి. ఆ సమాచారంతో నిస్తార్ నౌక నుంచి డైవర్లు దిగి రెక్, అంటే మునిగిన ఓడ శిథిలం, చూశారు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జిల (నీళ్లలో పేలే బాంబుల) వల్ల మునిగిందని మన నౌకాదళం, తన మైన్ తగిలో లోపలి పేలుడు వల్లో మునిగిందని పాకిస్తాన్ వైపు చెబుతూ వచ్చాయి. తొంభై మందికి పైగా నావికులు అందులోనే ఉండిపోయారు.

ఇక్కడ వెతకడం అనే పని గురించి చెప్పాలి, ఎందుకంటే అది సినిమాల్లో చూపించినట్టు ఉండదు. మొదటి రోజు నేను వెళ్లేది ఫిషింగ్ హార్బర్‌కి. ఒక సర్వే ముందు అక్కడ వల అల్లుకుంటున్న ఒక పెద్దాయన్ని, "బాబాయ్, మీ వలలు ఎక్కడ పట్టేస్తాయి?" అని అడిగాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "లైట్‌హౌస్ కొండ ముక్కుకి సూటిగా వచ్చి, ఈ పక్క మేడ ఆ కొండ బోడి మీదికెక్కినప్పుడు ఆడ వల ఎయ్యం బాబూ. ఏసినోడి వల తిరిగి రాలేదు" అన్నాడు. డాల్ఫిన్స్ నోస్ మీద గురుతు పెట్టుకుని రెండు గీతలు కలిసే చోటు చెప్పాడన్నమాట. చార్టు మీద ఆ రెండు గీతలూ గీశాను. ఆ కూడలి చుట్టూనే మా లైన్లు మొదలుపెట్టాం, అడుగున రాయి కాదు, ఇనుమే ఉంది, పాత బార్జి ముక్క. ఖరీదైన పరికరాలు దింపేముందు జాలర్లని అడగని సర్వే టీముని నేను నమ్మను. 1971లో కూడా మొదటి ఆధారం తెచ్చింది వాళ్లే కదా.

తర్వాత పని ఓపిక. పొలం దున్నినట్టు సమాంతరంగా లైన్లు నడుపుతూ సోనార్ చేపని, అంటే తాడుకి కట్టి నీళ్లలో లాగే సోనార్ పరికరాన్ని, వెనక లాగుతాం, ప్రతి లైను పక్క లైను మీద కొంత పడేలా. ఎందుకంటే చేపకి సరిగ్గా కింద ఉన్న నేల ఆ లైనులో సరిగా కనిపించదు, పక్క లైనే దాన్ని చూపించాలి. తెర మీద వస్తువు కంటే దాని నీడే ఎక్కువ చెబుతుంది. నీడ పొడవు, చేప నేలకి ఎంత ఎత్తులో ఉంది, నీడ చివరిదాకా ఎంత దూరం అన్నవి తెలిస్తే వస్తువు ఎత్తు లెక్కకట్టొచ్చు. ఇనుమో కాదో తేల్చడానికి మాగ్నెటోమీటర్. దాని సిగ్నల్ దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది, అందుకే దగ్గరగా లాగాలి, దగ్గరగా లాగితే నేలకి తగిలి పోతుందేమోనని టెన్షన్.

2024 ఫిబ్రవరిలో నౌకాదళం తన లోతునీటి రెస్క్యూ వాహనంతో ఘాజీని మళ్లీ గుర్తించిందని, అందులో ఉన్నవాళ్ల మీద గౌరవంతో ముట్టుకోకుండా వదిలేశామని చెప్పిందని వార్తలొచ్చాయి. అది సరైన నిర్ణయం. యుద్ధనౌక మునిగినా దాని దేశానిదే, మునిగినవాళ్లకి అదే సమాధి. కానీ ముట్టుకోకపోవడం అంటే చూడకపోవడం కాదు. జావా సముద్రంలో 1942లో మునిగిన డచ్ క్రూయిజర్లు డి రౌటర్, జావాలను వెతుక్కుంటూ 2016లో డైవర్లు వెళ్తే, నేల మీద హల్ ఆకారపు గుంటలు తప్ప ఓడలు లేవు. తుక్కు దొంగలు మొత్తం ఎత్తుకుపోయారు. ఎప్పటికప్పుడు సర్వే జరిగుంటే కనీసం మొదటి ముక్క పోయినప్పుడే తెలిసేది.

చూస్తూ, ముట్టుకోకుండా కాపాడిన కేసు కూడా ఉంది. ఆస్ట్రేలియా సబ్‌మెరైన్ ఏఈ2ని 1915 ఏప్రిల్ 30న మర్మరా సముద్రంలో దాని సిబ్బందే ముంచేశారు, అందరూ బతికారు. 1998లో 73 మీటర్ల లోతున దొరికింది. పైకి తీయాలా వద్దా అని చాలా చర్చ జరిగాక, ఉన్నచోటే ఉంచి, 2014లో కెమెరాతో లోపల చూసి, జింక్ ఆనోడ్లు కలిపి తుప్పుని తగ్గించే ఏర్పాటు చేశారు. తీయడం తేలిక, తీశాక ఉప్పు లాగడం తరాల పని అని హాలండ్ 1, హన్లీ చెబుతున్నప్పుడు, ఇది తెలివైన దారి.

మన తీరంలో ఘాజీ ఒక్కటే కాదు. 1944 ఫిబ్రవరిలో విశాఖకి దూరంగా జపాన్ సబ్‌మెరైన్ ఆర్‌ఓ-110ని రాయల్ ఇండియన్ నేవీ జమ్నా, ఆస్ట్రేలియా నౌకలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి ముంచాయి. ఇలాంటి ప్రతి రెక్‌కీ మల్టీబీమ్ సోనార్‌తో తీసిన అడుగు మ్యాపు ఒకటి, ఐదేళ్లకోసారి అదే లైన్ల మీద మళ్లీ ఒకటి కావాలి. పరికరాలూ ఓడలూ మన దగ్గరే ఉన్నాయి. 2025 జులై 18న డైవర్ల పనికోసం కట్టిన కొత్త నిస్తార్ నౌకాదళంలో చేరింది, అది కట్టింది విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డే.

ఇక కురుసురకి నేనైతే ఏం చేస్తానో చెప్పి ముగిస్తాను. హల్ అంతటా శాశ్వత గురుతులతో గళ్లు గీసి, ప్రతి గడిలో రీడింగ్ తీసి, తుపాన్ల సీజన్ అయ్యాక జనవరిలో ఏటా అదే బిందువు దగ్గర మళ్లీ తీస్తాను. సముద్రం వైపు పక్కకి గళ్లు దగ్గరగా, రోడ్డు వైపు కాస్త దూరంగా. పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కడుగుతాను, ముఖ్యంగా కంతల లోపలికి గొట్టం పెట్టి. లోపల రాత్రంతా డీహ్యూమిడిఫయర్ నడుపుతాను, ఎన్ని గంటలు నడిచిందో, తేమ ఎంతకి దిగిందో పుస్తకంలో రాయిస్తాను. పైన కప్పు వేయాలంటాను, బీచ్ నుంచి కనిపించే అందం పోతుందని గొడవ వస్తుందని తెలిసే చెబుతున్నాను. సముద్రం వైపు ఎత్తైన పారదర్శక గోడ పెట్టినా తుంపర చాలా తగ్గుతుంది. టికెట్ల డబ్బులో ఇంత వాటా హల్‌కే అని విడిగా ఖాతా ఉండాలి. రేవు కట్టిన తర్వాత ఇటువైపు ఇసుక రాక తగ్గి ఆర్కే బీచ్ కోతకి గురవుతోంది, పోర్టు వాళ్లు తవ్విన ఇసుకని ఇటు పంపు చేస్తుంటారు, కాబట్టి దిమ్మల కింద నేల మట్టం కూడా ఏటా చూడాలి. వీటన్నిటికంటే ముందు, రంగు డబ్బా తెరవకముందే, దిమ్మలకి ఉక్కు ఆనే ప్రతిచోటా రీడింగులు తీయాలి. తొంభై మీటర్ల హల్ బరువంతా అక్కడే ఆగుతుంది, నీళ్లు కూడా అక్కడే ఆగుతాయి, పెయింటర్ బ్రష్ చేరనిదీ అక్కడికే.